ఆ డై ఇంజక్షన్ ఈ ఒక్కసారి వద్దనకండి మాస్టారూ

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నేను లెక్కల మాస్టారిగా చేసి రిటైరయ్యాను. మాది తెనాలి. మా అమ్మాయికి 29 ఏళ్ళు. పురిటికి వచ్చి ఇంకా మా దగ్గరే ఉంది. పాపకి ఏడో నెల, తల్లిపాలు తాగుతోంది. పదహారు రోజుల కిందట అమ్మాయికి కుడికన్ను కదిపితే నొప్పి మొదలైంది. రెండు రోజుల్లో చూపు మసకబారింది. ఆ కంటితో చూస్తే ఎర్రచీర వెలిసిపోయినట్టు కనబడుతోందంది. కంటి డాక్టరు నరం వాచిందని న్యూరో డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన మెదడుకీ వెన్నుకీ కాంట్రాస్ట్ ఎమ్మారై రాశారు. స్కానింగ్ సెంటర్లో డై ఎక్కిస్తామనేసరికి మా ఆవిడ భయపడి వద్దంది. నేనూ ఖర్చు తగ్గుతుంది కదా అని మెదడుకి మాత్రం మామూలు ఎమ్మారై చేయించాను. తెల్ల మచ్చలు ఉన్నాయి, మల్టిపుల్ స్క్లిరోసిస్ కావచ్చు, కాంట్రాస్ట్‌తో మళ్ళీ చేయండి అని రిపోర్టు వచ్చింది. స్టెరాయిడ్ మొదలుపెట్టేలోపు, ఈ వారంలోనే చేయించమంటున్నారు న్యూరో డాక్టరు గారు. ఫోన్లో వెతికితే ఆ డైలో గాడోలినియం అనే లోహం ఉంటుందనీ, అది మెదడులో ఉండిపోతుందనీ చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు. మచ్చలు కనిపించాక ఇక డై ఎందుకు? పాలిచ్చే తల్లికి ఎక్కించవచ్చా? జీవితాంతం ఏటా ఎక్కించాల్సిందేనా? దయచేసి చెప్పండి.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: మాస్టారూ, నమస్కారం. ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఈ వారంలోనే, వీలైతే రేపే, మీ న్యూరో డాక్టరు రాసిన స్కాన్ రాసినట్టుగా చేయించండి. మెదడుకీ వెన్నుకీ కలిపి, డైతో. పాలిచ్చే తల్లికి ఎక్కించవచ్చు. ఏటా ఎక్కించాల్సిన అవసరం చాలామందికి ఉండదు. ఈ మొదటిసారి మాత్రం ఆ ఇంజక్షన్ చెప్పే సంగతి మామూలు స్కాన్ చెప్పలేదు.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి మీ భాషలోనే చెబుతాను. తెలియని రాశులు రెండు ఉన్నప్పుడు ఒక్క సమీకరణంతో జవాబు రాదు కదా. మల్టిపుల్ స్క్లిరోసిస్ అంటే మెదడులో, వెన్నుపాములో నరాల మీది పొర ఊడిపోయే జబ్బు, మేం పొట్టిగా ఎమ్మెస్ అంటాం. దాన్ని నిర్ధారించడానికీ సాధారణంగా రెండు సంగతులు తేలాలి. ఒకటి, జబ్బు నాడీమండలంలో ఒక్క చోట కాక వేర్వేరు చోట్ల దెబ్బతీసిందా? రెండు, ఒక్కసారి వచ్చి ఊరుకుందా, వేర్వేరు సమయాల్లో వచ్చిందా? మొదటిది చోటు, రెండోది కాలం. మామూలు ఎమ్మారై చోటు చెబుతుంది. కాలం చెప్పలేదు. ఇవాళ వచ్చిన మచ్చా, రెండేళ్ళ కిందట వచ్చి ఎవరికీ తెలియకుండా ఊరుకున్న మచ్చా ఆ ఫిల్ములో ఒకేలా తెల్లగా ఉంటాయి.

మీరు డెల్టా మనుషులు. కాలవగట్టుకి గండి పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మెదడులోని రక్తనాళాల గోడలు ఒంట్లో మిగతా చోట్ల ఉన్నట్టు ఉండవు, బాగా బిగించి కట్టిన గట్లలా ఉంటాయి. రక్తంలో పోయే ప్రతిదాన్నీ మెదడులోకి రానివ్వవు. మనం ఎక్కించే డై కూడా మామూలుగా కాలవ వెంట పోయి, మూత్రపిండాల దారిన బయటికి వెళ్ళిపోతుంది. ఎమ్మెస్ కొత్తగా దెబ్బకొట్టిన చోట మాత్రం ఆ గట్టు వాచి గండి పడుతుంది. ఆ గండిలోంచి డై బయటికి చిమ్మి అక్కడ నిలుస్తుంది. ఇంజక్షన్ ఇచ్చాక కనీసం ఐదు నిమిషాలు ఆగి తీసిన ఫిల్ములో ఆ చుక్క తళుక్కున మెరుస్తుంది. ఎప్పుడో మునిగి ఆరిపోయిన చేనులాంటి పాత మచ్చ మెరవదు. ఒకే స్కాన్‌లో మెరిసే మచ్చా మెరవని మచ్చా రెండూ కనిపించాయంటే జబ్బు కనీసం రెండుసార్లు వచ్చిందని తేలినట్టే. మీకు కావలసిన రెండో సమీకరణం అది.

ఈ కొలబద్దలకి మెక్‌డొనాల్డ్ ప్రమాణాలని పేరు. న్యూజిలాండ్‌లో పుట్టిన ఇయాన్ మెక్‌డొనాల్డ్ అనే న్యూరాలజిస్టు పేరు మీద 2001లో మొదలయ్యాయి. తర్వాత 2005, 2010, 2017, 2024లలో మార్చుకుంటూ వచ్చారు. ఒకప్పుడు రెండోసారి జబ్బు తిరగబెట్టేదాకా, అంటే ఒక్కోసారి ఏళ్ళ తరబడి, పేరు పెట్టకుండా చూస్తూ కూర్చోవలసి వచ్చేది. మొదటి దెబ్బ తగిలిన నెలలోనే మందు మొదలుపెట్టగలిగే రోజులు ఇప్పుడు వచ్చాయంటే అందులో ఈ డై పాత్ర చాలా ఉంది. ఎమ్మెస్‌లో తొలి ఏళ్ళే విలువైనవి. నరాల మీది మైలిన్ పొర ఊడిన తర్వాత దాన్ని తిరిగి తెప్పించడం ఇప్పటి మందుల వల్ల కాదు. ఊడకుండా ఆపడం మాత్రం చాలావరకు వీలవుతోంది.

ఇప్పుడు వారం సంగతి. ఆ గండి ఎల్లకాలం ఉండదు. కొత్త మచ్చ సాధారణంగా కొద్ది వారాలు మాత్రమే మెరుస్తుంది, చాలావాటికి నెల దాటదు. మీ అమ్మాయికి నొప్పి మొదలై ఇప్పటికే పదహారు రోజులు. స్టెరాయిడ్ ఎక్కిస్తే ఆ గండి ఇంకా త్వరగా పూడిపోతుంది. వాపు తగ్గడం మనకి మంచిదే, కానీ సాక్ష్యం చెరిగిపోతుంది. మీ న్యూరో డాక్టరు అందుకే తొందరపడుతున్నారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. కాళ్ళు తిమ్మిరెక్కి తూలిపోతున్న పాతికేళ్ళ కుర్రవాణ్ణి తీసుకొచ్చారు. అంతకుముందు చూసిన ఆస్పత్రిలో ఐదు రోజులు స్టెరాయిడ్ సెలైన్‌లో ఎక్కించేశారు. పది రోజుల తర్వాత మా దగ్గర కాంట్రాస్ట్ స్కాన్ తీశాం. మచ్చలు ఏడెనిమిది ఉన్నాయి. ఒక్కటీ మెరవలేదు. ఎమ్మెస్సేనని అందరి అనుమానం, రాసివ్వడానికి మాత్రం ఆధారం చాలలేదు. ఆ రోజుల్లో ఉన్న ప్రమాణాల ప్రకారం మళ్ళీ స్కాన్ తీసి కొత్త మచ్చ వచ్చిందేమో చూడాలి. ఈ లోపల ఆ పిల్లవాడికి మరో దెబ్బ తగిలింది, ఈసారి చేతికి. నాతో వాళ్ళ అమ్మ అన్న మాట ఇప్పటికీ మరిచిపోలేదు: "పేరు చెప్పడానికి నా కొడుకు చెయ్యి పడిపోవాలా డాక్టరమ్మా?" అప్పటినుంచీ స్టెరాయిడ్‌కి ముందు స్కాన్ అయిందా లేదా అని అడగకుండా నేను ఏ రిపోర్టూ రాయలేదు.

అలాగని స్కాన్ కోసం స్టెరాయిడ్ రోజుల తరబడి ఆపమని కాదు. మూడు నాలుగు రోజుల దాకా ఎక్కడా స్లాట్ దొరకకపోతే మీ డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి. మందు ముందు పెట్టాలో, స్కాన్ ముందు చేయాలో ఆయన తేలుస్తారు. ఈ డై కోసం చూపుని పణంగా పెట్టకూడదు.

డైకి ఇంకో పని ఉంది. అసలు ఇది ఎమ్మెస్సేనా? మీ చేతికిచ్చిన రిపోర్టులో ఉన్నది "కావచ్చు" అనే మాటే. తెల్ల మచ్చలు పార్శ్వపు తలనొప్పి ఉన్నవాళ్ళకీ, బీపీ ఉన్నవాళ్ళకీ కూడా కనిపిస్తాయి. ఎమ్మెస్ మచ్చలకి ఒక పోకడ ఉంది. మెదడు మధ్య నీటి గదులకి నిలువుగా, వేళ్ళు ఆనించినట్టు కోలగా ఉంటాయి. ఎడింబరో పాథాలజిస్టు జేమ్స్ డాసన్ 1916లో రాసిన వివరణ వల్ల వాటిని మేం ఇప్పటికీ డాసన్ వేళ్ళనే అంటాం. వాటితో పాటు మెదడు పైపొరకి ఆనుకుని, చిన్నమెదడులో, వెన్నుపాములో కూడా వెతుకుతాం. అందుకే వెన్ను స్కాన్ కూడా రాశారు, దాన్ని వదిలేయకండి. వయసు వల్లా బీపీ వల్లా వచ్చే మచ్చలు వెన్నుపాములో సాధారణంగా ఉండవు. అక్కడ ఒక చిన్న మచ్చ దొరికినా అది చెప్పే సాక్ష్యానికి బరువెక్కువ.

మన దేశంలో టీబీ గడ్డలూ, బద్దెపురుగు మెదడులో చేరి పెట్టే తిత్తులూ తక్కువేమీ కాదు. డై ఎక్కిస్తే ఇవి చాలాసార్లు చుట్టూ ఉంగరంలా మెరుస్తాయి. ఎమ్మెస్ మచ్చ కూడా ఒక్కోసారి ఉంగరంలా మెరుస్తుంది కానీ చాలాసార్లు ఒక పక్క తెరిచి ఉన్న గాజులా కనిపిస్తుంది. ఆ తేడా డై లేని ప్లేన్ స్కాన్‌లో దొరకదు. అలాగే కంటి నరాన్ని దెబ్బతీసే ఎన్ఎమ్ఓ, మాగ్ అనే మరో రెండు జబ్బులున్నాయి. కంటి నరం ఎంత పొడుగునా మెరిసింది, దాని చుట్టూ ఉన్న తొడుగు కూడా మెరిసిందా అన్నదాన్ని బట్టి వాటిని అనుమానిస్తాం. రక్తంలో యాంటీబాడీ పరీక్షలు రాస్తే అవీ చేయించండి. ఇది పేర్ల గొడవ కాదు మాస్టారూ. ఎమ్మెస్‌కి ఇచ్చే మందుల్లో కొన్ని ఎన్ఎమ్ఓ ఉన్నవాళ్ళకి జబ్బుని పెంచుతాయి.

ఇక మీకు నిద్ర పట్టనివ్వని సంగతి. మీరు చదివింది అబద్ధం కాదు. గాడోలినియం లోహమే. ఒంటరిగా ఒంట్లోకి పంపితే విషమే. అందుకే దాన్ని మరో అణువులో బంధించి పంపుతారు. ఈ బంధించడం రెండు రకాలు. ఒకటి గుడ్డలో మూట కట్టినట్టు ఉంటుంది, ముడి వదులయ్యే వీలుంది. దాన్ని లీనియర్ రకం అంటారు. రెండోది పంజరంలో పెట్టి బిగించినట్టు, దాన్ని మాక్రోసైక్లిక్ రకం అంటారు. పంజరంలోంచి లోహం ఊడిరావడం చాలా కష్టం.

2006లో మూట రకం మందుల గురించి ఒక పెద్ద హెచ్చరిక వచ్చింది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్ళలో కొందరికి ఈ ఇంజక్షన్ తర్వాత చర్మం చెక్కలా బిగుసుకుపోయే జబ్బు వస్తోందని తేలింది. ఆ తర్వాత కిడ్నీ పరీక్ష చూసి ఇవ్వడం, పంజరం రకానికి మారడం వల్ల అలాంటి కేసులు దాదాపు కనుమరుగయ్యాయి. 2014లో జపాన్ పరిశోధకులు ఇంకో సంగతి పట్టుకున్నారు. చాలాసార్లు డై ఎక్కించుకున్నవాళ్ళ మెదడులో, లోపలి కొన్ని భాగాల్లో, ప్లేన్ స్కాన్‌లో కూడా తెలుపు కనిపిస్తోంది. కిడ్నీలు బాగున్నవాళ్ళలోనూ అది కొద్దిగా మిగులుతోందన్నమాట. మీరు ఫోన్లో చదివింది దీని గురించే. 2017లో యూరప్ మందుల సంస్థ నరానికి ఎక్కించే లీనియర్ మందుల్లో చాలావాటిని ఆపేసింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అదే ఏడు అన్ని గాడోలినియం మందులకీ హెచ్చరిక పెట్టించింది. లీనియర్ రకం ఎక్కువ మిగులుతుందని చెబుతూనే, కిడ్నీలు బాగున్నవాళ్ళలో అలా మిగిలినదాని వల్ల హాని జరిగినట్టు నేరుగా తేలలేదని కూడా చెప్పింది.

నేను దీన్ని తేలిగ్గా తీసిపారేయను. మెదడులో ఒక లోహం రవ్వంతైనా మిగలడం ఎవరికిష్టం? కాబట్టే అవసరం లేనప్పుడు ఎక్కించకూడదంటాను. కానీ ఒక పక్క పంజరం రకం మందు ఒక్క మోతాదు, ఇంకో పక్క పేరు తెలియని జబ్బుతో నెలలు గడపడం. మీ అమ్మాయి నా కూతురైతే నేను ఒక్క క్షణం కూడా ఆలోచించను.

మీరు చేయవలసింది ఒక్కటే. స్కానింగ్ సెంటర్లో మందు పేరు అడగండి. గాడోటెరేట్, గాడోబ్యూట్రాల్, గాడోటెరిడాల్, ఈ మూడూ పంజరం రకాలు. సీసా మీద చిన్న అక్షరాలతో ఉంటుంది, టెక్నీషియన్‌ని చూపించమంటే చూపిస్తారు. పేరు రిపోర్టులో రాయమనండి. మోతాదు బరువుని బట్టి ఉంటుంది. 55 కిలోల మనిషికి గాడోబ్యూట్రాల్ ఐదున్నర మిల్లీలీటర్లు, గాడోటెరేట్ అయితే పదకొండు. రెండో మందు పలచన, అందుకే ఎక్కువ. ఎక్కువ ఎక్కించారని కంగారు పడకండి. వెళ్ళేముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష రిపోర్టు పట్టుకెళ్ళండి. లేకపోతే అక్కడికక్కడ చేయించాలంటారు, మళ్ళీ ఒక పూట పోతుంది.

పసిదాని సంగతి. ఇంజక్షన్ ఇచ్చిన మోతాదులో పాలలోకి వచ్చేది 0.04 శాతం కంటే తక్కువ. పాప కడుపులోకి పోయినా దాని పేగులు అందులో చాలా కొద్దిగానే పీల్చుకుంటాయి. అందుకే అమెరికా రేడియాలజీ కాలేజీ పాలు మాన్పించక్కర్లేదనే అంటోంది. అయినా మీ ఆవిడకి మనసు ఒప్పకపోతే ముందే పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టండి, పన్నెండు గంటల నుంచి ఒక రోజు దాకా అవి పట్టండి. డై చాలావరకు ఆ లోపు మూత్రంలో పోతుంది. అమ్మాయి మాత్రం పాలు పిండి పారబోస్తూ ఉండాలి, లేకపోతే రొమ్ములు గడ్డకట్టి ఇంకో బాధ. అన్నట్టు, గర్భం లేదని నిశ్చయం చేసుకోండి. గర్భిణికి ఈ డై సాధ్యమైనంతవరకు ఇవ్వం. స్టెరాయిడ్ మొదలుపెట్టాక పాలు ఎప్పుడు పట్టాలో కూడా మీ డాక్టరుని అడగండి. సాధారణంగా సెలైన్ అయిపోయాక కొద్ది గంటలు ఆగమంటారు, అంతే.

కాన్పైన కొద్ది నెలల్లో ఎమ్మెస్ పైకి తేలడం మేం చూస్తూనే ఉంటాం. గర్భంతో ఉన్నప్పుడు అణిగి ఉండి, పురుడయ్యాక లేస్తుంది. పాలివ్వడం వల్ల వచ్చిందనో, పథ్యం సరిగా చేయలేదనో ఇంట్లో ఎవరైనా అంటుంటే అననివ్వకండి. ఆ అమ్మాయి చేసిన తప్పేమీ లేదు.

స్కాన్ గదిలో ఏం జరుగుతుందో మీ ఆవిడకి ముందే చెప్పండి, భయం సగం తగ్గుతుంది. పిన్నులు, పట్టీలు, మెట్టెలు, గాజులు, పుస్తెలతాడు అన్నీ తీయాలి. పుస్తెలతాడు తీయమన్నప్పుడు చాలామంది అమ్మలకి కళ్ళనీళ్ళు తిరుగుతాయి. పసుపుకొమ్ము కట్టిన దారం ఒకటి ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని రమ్మనండి, అది మెడలో ఉంటే మిషన్‌కి ఏమీ కాదు. జాకెట్టు హుక్కులు కూడా లోహమే, గౌను ఇస్తారు. చేతికి క్యాన్యులా పెడతారు. చెవుల్లో దూదో ప్లగ్గులో పెట్టినా మిషన్ ధనధనమని మోగుతూనే ఉంటుంది. మెదడూ వెన్నూ కలిపి ముప్పావుగంట నుంచి గంట. డై లోపలికి వెళ్ళేటప్పుడు చెయ్యి పొడుగునా చల్లగా పాకినట్టు అనిపిస్తుంది. కొందరికి నోట్లో లోహం రుచి, కాస్త వికారం. దద్దుర్లు రావడం తక్కువ, ఊపిరాడకపోవడం లాంటి పెద్ద రియాక్షన్ చాలా అరుదు. అయినా చేతిలో బజర్ ఇస్తారు, దురద పుట్టినా గొంతు పట్టేసినా వెంటనే నొక్కమనండి. ఇది సీటీ స్కాన్‌కి ఇచ్చే అయోడిన్ డై కాదు, మందే వేరు. అమ్మాయికి ఇంతకుముందు ఏ డై పడకపోయినా సరే, సంతకం పెట్టే కాగితం మీద తప్పకుండా రాయండి.

డై ఎక్కించినా ఏ మచ్చా మెరవకపోతే? అదీ జరగవచ్చు. అప్పుడు ఎమ్మెస్ లేదని అర్థం కాదు. నడుము దగ్గర సూదితో వెన్నునీరు తీసి ఆలిగోక్లోనల్ బ్యాండ్లు అనే ప్రోటీన్ చారలు ఉన్నాయేమో చూస్తారు, కాలానికి బదులుగా ఆ సాక్ష్యాన్ని ఒప్పుకుంటారు. 2024 ప్రమాణాల్లో మచ్చ నడుమ చిన్న సిర కనిపించడాన్ని కూడా సాక్ష్యంగా చేర్చారు, దానికి డైతో పనిలేని ఫిల్ములు చాలు. మచ్చలు ఉండదగిన చోట్లలో కంటి నరాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు, అది మీ అమ్మాయి విషయంలో ఉపయోగపడవచ్చు. దారులు వేరే లేకపోలేదు. వాటన్నిటిలో చేతికి సూది గుచ్చి తీసే ఈ ఫిల్మే సులువు.

ఏటేటా సంగతికి వస్తాను. ఎమ్మెస్ అని తేలి మందు మొదలుపెట్టాక కొన్ని నెలలకి ఒక స్కాన్, ఆ తర్వాత దాదాపు ఏటా ఒకటి తీస్తారు. అప్పుడు చూసేది కొత్త మచ్చ వచ్చిందా అని. పాత ఫిల్ముల పక్కన కొత్తవి పెట్టి చూస్తే అది డై లేకుండానే తెలుస్తుంది. యూరప్, ఉత్తర అమెరికా నిపుణులు కలిసి 2021లో ఇచ్చిన సూచనలు కూడా ఇదే చెబుతున్నాయి. నిర్ధారణకి డై కావాలి, మామూలు తనిఖీకి సాధారణంగా అక్కర్లేదు. అలవాటుగా ప్రతిసారీ "ప్లేన్ అండ్ కాంట్రాస్ట్" అని రాసిచ్చే చీటీలు నేనూ చాలా చూశాను. అప్పుడు మీరు మొహమాటపడకండి. "ఈసారి డై దేనికండీ?" అని అడగండి. జబ్బు తిరగబెట్టిందనో, వేరే అనుమానం ఉందనో కారణం చెబితే సరే, చేయించండి. కారణం లేకపోతే మానేయమనండి. పోలిక కుదరాలంటే మాత్రం ప్రతిసారీ ఒకే సెంటర్లో, ఒకే మిషన్ మీద తీయించడం మంచిది. సీడీలు పారేయకండి. రిపోర్టు కాగితం కంటే సీడీ విలువైనది, మాలాంటివాళ్ళు చూసేది దాన్నే.

మీరు ఖర్చు తగ్గుతుందని ప్లేన్ స్కాన్ చేయించినందుకు నొచ్చుకుంటున్నారని మీ ఉత్తరంలో తెలుస్తోంది. ఆ స్కాన్ వృథా కాలేదు. మచ్చలు ఎక్కడున్నాయో అది చెప్పింది. రేపు తీసే డాక్టరుకి ఆ సీడీ ఇవ్వండి, కొన్ని రోజుల తేడాతో ఏదైనా కొత్తది వచ్చిందేమో కూడా చూసుకుంటారు. ఎమ్మెస్ అని తేలితే మల్టిపుల్ స్క్లిరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకి హైదరాబాద్‌లో శాఖ ఉంది, మీ అమ్మాయిలాంటి పిల్లలు చాలామంది అక్కడ ఒకరికొకరు తోడుగా ఉన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కూడా ఈ జబ్బుని చేర్చారు. కానీ అవన్నీ తర్వాత చూసుకుందాం.

రేపు బయల్దేరేటప్పుడు మొదటి స్కాన్ సీడీ, క్రియాటినిన్ రిపోర్టు, పసుపుకొమ్ము దారం, పాపకి పిండిన పాలు, ఇవి సంచిలో పెట్టుకోండి. పాపని ఎత్తుకోవడానికి మీ ఆవిడని కూడా తీసుకెళ్ళండి. రిపోర్టు వచ్చాక అందులో మెరిసిన మచ్చల గురించి ఏం రాశారో, మందు పేరు ఏమిటో నాకు రాయండి. మీ ఉత్తరం కోసం చూస్తుంటాను.